పసుపు లేని బొట్టు

"నేనే చేసిన. రాసుకోమనుండ్రి."

లాకప్ ఊచల వెనక నుంచి మొగులయ్య నాలుగోసారి అదే మాట అన్నాడు. అప్పటికి పన్నెండుంబావు. మూడున్నరకు జీపు కదులుతుంది. నాలుగింటికి సంగారెడ్డి కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత హత్యాయత్నం కేసు కింద జైలు. అంటే నా చేతిలో ఉన్నది మూడుంబావు గంటలు.

ఆయన భార్య పుష్పమ్మ పొద్దున్నే చిట్కుల్ నుంచి ఆటో ఎక్కి వచ్చి పటాన్‌చెరులోని నా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. "నా పెనిమిటి అసోంటోడు కాదు మేడమ్" అన్నది తప్ప ఇంకో ముక్క చెప్పలేకపోయింది. పటాన్‌చెరులోనే ఒక బండ్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను నేను. డిటెక్టివ్ లక్ష్మీప్రసన్న అని బోర్డు పెట్టాక నా గడప తొక్కినవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే. ఇన్నాళ్లకు ఒక ఇంజన్ కేసు వచ్చిందని సంబరపడితే, నిందితుడేమో తప్పు ఒప్పేసుకుని కూర్చున్నాడు!

"ఏం చేసినవో సరిగ్గ చెప్పు మొగులన్నా."

"విశ్వేశ్వర్ సేటు కారు సర్వీసు చేసిన. కింద ఆయిల్ బోల్టు లూజుగ వదిలిన. పాడైన ప్రెషర్ సెన్సార్ ఏసిన. ఆయిల్ కారిపోయినా ఎర్రలైటు ఎలగలే. ఇస్నాపూర్ కాడ హైవే మీద ఇంజన్ పట్టేసింది. ఎనకంగ లారీ గుద్దింది. అయిపాయె."

"కారు ఎప్పుడు అప్పజెప్పినవ్?"

"సోమవారం సాయంత్రం ఆరున్నరకు. సంగారెడ్డిల సేటు ఇంటికి పోయి, శకుంతలమ్మ చేతిలనే తాళం పెట్టిన."

"ఇచ్చేటప్పుడు స్టార్ట్ చేసి చూపించినవా?"

"చూపియ్యకుంట ఇస్తనా? కీ తిప్పంగనే ఎర్రలైటు ఎలిగింది. స్టార్టయినంక రెండు సెకండ్లల్ల ఆరిపోయి..."

ఠక్కున ఆగిపోయాడు. తల దించుకున్నాడు.

"లైటు ఎలిగి ఆరిందంటే సెన్సార్ మంచిదే కదన్నా?"

"నాకు యాదిలేదు మేడమ్. నేనే చేసిన."

అబద్ధం ఆడటం చేతకాని మనిషి అబద్ధం ఆడుతుంటే చూడలేం. పక్కనున్న కానిస్టేబుల్‌ని అడిగాను, మొదట్నుంచీ ఇదే పాటా అని. కాదన్నాడు. నిన్న సాయంత్రం దాకా "నా పనిల తప్పు లేదు సార్" అని ఒకటే గొడవట. కారులోంచి తీసిన సెన్సార్ ఫోటో చూపించగానే మూగవాడైపోయి, గంట తర్వాత ఒప్పేసుకున్నాడట.

ఆ ఫోటోలో ఏం చూశాడు?

"పెళ్లిళ్ల ఎంక్వైరీలు తగ్గినయా మేడమ్?" సీఐ శ్రీకాంత్ గొంతు వెనక నుంచి వినబడింది. మంచి ఆఫీసరే కానీ, ఫైలు మూసేశాక మళ్లీ తెరవమంటే ఆస్తి అడిగినట్టు చూస్తాడు. "మనిషి ఒప్పుకున్నడు. నెల కింద చిట్కుల్‌ల పొలానికి పోయే బాట పంచాయితీల వందమంది ముందట 'నీ బండి ఎట్ల నడుస్తదో చూస్త' అని సేటును బెదిరించిండు, రాజీ చేసినా కోపం పోలే. ఇంకేం కావాలె?"

"కారు చూడాలె."

"ఇరవై నిమిషాలు. ఏం తియ్యద్దు, ఏం పెట్టద్దు. నేను పక్కనే ఉంట."

* * *

కారు స్టేషన్ వెనక రేకుల షెడ్డులో ఉంది. వెనక సీట్ల దాకా నలిగిపోయింది కానీ ముందు భాగం చెక్కుచెదరలేదు. పక్కనే ఇస్త్రీ చొక్కాలో కార్తికేయ నిలబడి ఉన్నాడు. విశ్వేశ్వర్‌కు స్వయానా అన్న కొడుకు. బాబాయి ఇంట్లోనే మేడ మీద ఉంటాడు, పటాన్‌చెరులోని ప్యాకింగ్ ఫ్యాక్టరీ చూసుకుంటాడు. కేసు పెట్టింది ఇతనే.

"చిన్నాయన రెండు రోజులనుంచి కండ్లు తెరవలే మేడమ్. ఎవరి తరఫున వచ్చినా సరే, మీరు నిజం చూడుండ్రి, గంతే చాలు" అన్నాడు. మాట మెత్తగానే ఉంది.

బ్యాటరీ వైరు తగిలించి కీ తిప్పాను. మిగతా లైట్లన్నీ వెలిగాయి, ఎర్రటి ఆయిల్ లైటు తప్ప. ఆ లైటు పని చాలా చిన్నది. కీ తిప్పగానే వెలగాలి. ఇంజన్ తిరిగి ఆయిల్‌కు ప్రెషర్ ఎక్కగానే ఆరిపోవాలి. బండి నడుస్తుండగా వెలిగితే మాత్రం ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆపేయాలి. ఆ కబురు అందించేది సెన్సార్. అది చస్తే లైటు అసలు వెలగనే వెలగదు. నడిపేవాడు అంతా బాగానే ఉందనుకుంటాడు.

బానెట్ ఎత్తి, ఆయిల్ ఫిల్టర్ పక్కనున్న సెన్సార్ వైరు పీకి ఇంజన్ ఇనుముకు ఆనించాను.

"లైటు ఎలిగిందా సార్?"

లోపలికి తొంగి చూసిన సీఐ "ఎలిగింది" అన్నాడు.

"వైరు బాగుంది, బల్బు బాగుంది. చచ్చింది సెన్సారే."

"నేను చెప్తున్నది గదే కద. ఈ మాత్రందానికి డిటెక్టివ్ కావాల్నా?"

ఇంజన్ మీద బొట్లు చూస్తున్నాను. బ్యాటరీకి, రేడియేటర్‌కు, ఆయిల్ మూతకు, ఫిల్టర్‌కు, అన్నింటికీ కింద పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. ఎండిపోయి అంచులు పసుప్పచ్చగా కనిపిస్తున్నాయి.

"అమాస పూజ మేడమ్" అన్నాడు కార్తికేయ. "మంగళవారం పొద్దుగాల అయింది. మా ఇంట్ల ప్రతి అమాసకు బండ్లకు పూజ చేస్తరు. గవి చిన్నమ్మ పెట్టిన బొట్లు."

సెన్సార్‌కు కూడా బొట్టుంది. గోటితో మెల్లగా గీకాను. ఎరుపు కింద ఇనుమే తగిలింది. పసుపు లేదు. ఆయిల్ అంటిన వేలితో గబగబా అద్దిన కుంకుమ అది, జిడ్డుగా చుట్టూ పాకింది.

"సార్, నాలుగు బొట్లకు పసుపుంది. దీనికి లేదు."

"అయితే?"

"పూజ చేసిన చెయ్యి వేరు, ఈ బొట్టు పెట్టిన చెయ్యి వేరు. పూజ అయినంక ఎవరో ఈ సెన్సార్ మార్చిండ్రు. పూజ అయ్యింది మంగళవారం. మొగులయ్య కారు ఇచ్చేసింది సోమవారం."

సీఐ మొహం ఎర్రబడింది. "కోర్టుల నిలబడి బొట్టుకు పసుపు లేదు, మనిషిని ఇడిచిపెట్టుండ్రి అనమంటవా? నవ్విపోతరు! పసుపు అయిపోయి ఉంటది, మర్చిపోయి ఉంటది. ఆడోళ్లకు వంద పనులు."

"బొట్టు పెట్టుడుల ఆడోళ్లు మర్చిపోరు సార్. ఫైళ్లు మూసుడు మీ పని, బొట్లు పెట్టుడు మా పని."

"మూడున్నర" అన్నాడు పళ్లు బిగించి. "ఒక్క నిమిషం దాటినా ఆగ."

* * *

ఒకటీ ఇరవై. ఆసుపత్రి వరండాలో శకుంతలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి. లోపల భర్త గొట్టాల మధ్య ఉన్నాడు. ఆమెను ఇబ్బంది పెట్టడం నాకే నచ్చలేదు, కానీ గడియారం నా మాట వినదు.

"పసుపు లేకుంట నేనెట్ల పెడ్త?" అడగ్గానే ఆశ్చర్యపోయింది. "మొగులయ్య కొత్తగ ఏ సామాను ఏసినా నాకు చూపిస్తడు. పాతది ఓ కవర్ల కట్టి డిక్కీల పెడ్తడు. కొత్త సామానుకు బొట్టు తప్పక పెట్టాలె. ఆ సెన్సార్‌కు పసుపు అద్ది, మీదికెళ్లి కుంకుమ పెట్టిన. నాకు మంచిగ యాదుంది."

"పూజ ఎప్పుడు మొదలైందమ్మా?"

"ఆరుముప్పావుకు. హారతి అయ్యేసరికి ఏడు నలభై."

"మధ్యల ఎవరన్న కారు స్టార్ట్ చేసిండ్రా?"

"ఎట్ల చేస్తరు? ఉన్న ఒక్క తాళం అమ్మవారి పల్లెంల ఉంటే! మా అత్తగారి కాలం నుంచి గంతే. అమాస ముందటి రాత్రి తాళం దేవుని కాడ పెడ్తం. హారతి అయ్యేదాక ఎవ్వరు ముట్టరు. సోమవారం మొగులయ్య ఇయ్యంగనే సీదా తీస్కపోయి పెట్టిన. హారతి అయినంక శ్రావణ్ వస్తే వాని చేతికిచ్చిన."

శ్రావణ్‌కుమార్ వాళ్ల డ్రైవర్. మొగులయ్య కొడుకు.

"శ్రావణ్ ఏం చేసిండు?"

"బానెట్ లేపి ఏందో చూస్కున్నడు. ఎనిమిది కాకముందు వచ్చి జెర కుంకుమ ఇయ్యమ్మా అన్నడు. నుదుటికి పెట్టుకుంటడేమో, పిలగానికి బుద్ధి వచ్చిందనుకున్న. ఇంతల ఫ్యాక్టరీల అర్జెంటు పనుందని కార్తికేయ వాణ్ని బండి మీద పంపించిండు. ఎనిమిదుంబావుకు ఈయన ఒక్కడే కారు తీసుకుని పోయిండు."

"ఎక్కడికి?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పటాన్‌చెరుల లాయరు కాడికి. ఫ్యాక్టరీ కాయితాలల్ల కార్తికేయ పేరు తీసి మా బిడ్డ దీప్తి పేరు పెట్టిస్తనన్నడు. వాని పద్ధతి ఈయనకు నచ్చుతలేదు."

మెట్లు సగం దిగి ఆగిపోయాను. మొగులయ్య ఆ ఫోటోలో ఏం చూశాడో ఇప్పుడు తెలిసింది. తాను పీకి కవర్లో కట్టిన పాత సెన్సారే అది. ఆ ఇంట్లో స్పానర్ పట్టగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. పుష్పమ్మ నన్ను పెట్టుకున్నది మొగుడిని విడిపించమని. నేనేమో ఆమె కొడుకును పట్టిస్తున్నాను.

* * *

రెండూ పది. స్టేషన్ ఎదురుగా చాయ్ హోటల్ బెంచీ మీద తల్లి పక్కనే కూర్చుని ఉన్నాడు శ్రావణ్. ఇరవై ఆరేళ్లుంటాయి. చేతిలో చాయ్ చల్లారిపోయింది. పక్కకు పిలిచాను.

"మంగళవారం అమ్మగారిని కుంకుమ ఎందుకడిగినవ్?"

"దేవునికి మొక్కుకుందామని..."

"సెన్సార్‌కు మొక్కినవా?"

గ్లాసు ఒరిగింది. చాయ్ చేతి మీద పడినా చూసుకోలేదు.

"శ్రావణ్, ఇంకో గంటల మీ నాయిన జైలుకు పోతడు. నీకోసం పోతున్నడు. నువ్వు చేసినవని ఆయనకు తెలుసు. అందుకే నేనే చేసిన, నేనే చేసిన అంటున్నడు."

వాడు గ్లాసు నేల మీద పెట్టి అక్కడే కూర్చున్నాడు. పుష్పమ్మ బెంచీ మీద నుంచి లేచి వచ్చి మా వెనకే నిలబడింది. ఆమెను పొమ్మనే ధైర్యం నాకు లేకపోయింది.

"చంపుదామని చెయ్యలే మేడమ్. నాకు ఫోనొచ్చింది. మీ నాయిన ఏసిన కొత్త సెన్సార్ బేకార్, ఎర్రలైటు ఆరుతనే లేదు, సేటు చూసిండంటే మీ నాయినను మళ్ల గేటు లోపలికి రానియ్యడు అన్నడు. పాతది డిక్కీల ఉంది, జల్దీ మార్చు, ఎవ్వరికి చెప్పకు అన్నడు. పోయి స్టార్ట్ చేసిన. నిజంగనే ఎర్రలైటు ఆరలే. పాతది బిగించిన. లైటు పోయింది. మంచిగైందనుకున్న. అమ్మ బొట్టు లేదని అడుగుతదని కుంకుమ పెట్టిన."

"ఆయిల్ కొలిచే పుల్ల తీసి, ఉందో లేదో చూడలేదా?"

"ముందటి రోజే నాయిన కొత్త ఆయిల్ పోసిండు కద మేడమ్. అందుల చూసేదేముందనుకున్న."

బైకు సీటు కింద నుంచి గుడ్డలో చుట్టిన కొత్త సెన్సార్ తీసి ఇచ్చాడు. దాని మీద పసుపు, పసుపు మీద కుంకుమ. రెండు రోజులుగా దాన్ని పారెయ్యడానికి చేతులు రాలేదట, చెప్పడానికి నోరు రాలేదట. ఫోన్ తీసి కాల్ చూపించాడు. మంగళవారం ఉదయం ఏడూ ఇరవై ఒకటి. చేసిన మనిషి పేరు చూసి ఆ ఫోన్ నా బ్యాగులో వేసుకున్నాను.

"శ్రావణ్, లోపలికొచ్చి ఇదంతా సార్‌కు చెప్తవా? నీ మీద కేసైతది. ముందే చెప్తున్న."

వాడు తల్లి వైపు చూశాడు. పుష్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి "పో" అంది.

* * *

మూడు దాటి అయిదు నిమిషాలు. సీఐ గదిలో కార్తికేయ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. నా వెనక శ్రావణ్‌ను చూసి పెన్ను ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది.

"సార్, మీ జీపుల కాలి పంపు ఉంది కద. అయిదు నిమిషాలు."

"జీపు తీస్తున్నరు బయట!"

"తియ్యనియ్యుండ్రి. అయిదే నిమిషాలు."

ఏం తోచిందో, కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. పంపు వచ్చింది. మొదట కారులోంచి ఊడదీయించిన సెన్సార్‌కు బ్యాగులోని కరెంటు మీటరు తగిలించాను, అది మోగితే లైటు వెలిగినట్టే. చప్పుడు లేదు. తర్వాత కొత్తదానికి తగిలించాను. మీటరు కీచుమంటూ మోగింది. ట్యూబు బిగించి పంపు తొక్కాను. ప్రెషర్ ఎక్కగానే చప్పుడు ఆగింది. గాలి వదిలితే మళ్లీ మోగింది. మూడుసార్లు చూపించాను.

"పాతది ఎప్పుడో చచ్చింది. అందుకే మొగులయ్య మార్చిండు. కొత్తది బంగారం లెక్క పనిచేస్తుంది. ఆ పొద్దు ఎర్రలైటు అబద్ధం చెప్పలే సార్. ఇంజన్‌ల నిజంగనే ఆయిల్ లేదు. అది మొత్తుకుంటుంటే ఈ పిలగాడు దాని నోరు మూసిండు."

శ్రావణ్ నోటితోనే మొత్తం చెప్పించాను, ఫోన్ చేసిందెవరో మాత్రం వదిలేసి. సీఐ కుర్చీలోంచి లేచాడు.

"అంటే తండ్రి కాదు, కొడుకు! దేవుడా, పొద్దుటి నుంచి..."

"కూసోండ్రి సార్. ఇంకో మాటుంది." కార్తికేయ వైపు తిరిగాను. "ఏడూ ఇరవై ఒకటికి శ్రావణ్‌కు ఫోన్ చేసింది మీరే కద?"

అతను తడబడలేదు. "చేసిన. తప్పేముంది? లైటు ఆరుతలేదని చూసి, పాపం మొగులయ్యకు మాట రావద్దని చెప్పిన. వీడు ఇసోంటి పని చేస్తడని నాకేం తెలుసు?"

"నిన్న కంప్లయింటుల ఈ ముక్క ఎందుకు రాయలే?"

"యాదికి రాలే. పరేషాన్‌ల ఉన్న."

"సరే. లైటు ఎప్పుడు చూసిండ్రు?"

"ఆ పొద్దే. ఏడుంబావుకు. కారు జరుపుదామని స్టార్ట్ చేస్తే చూసిన."

"మీరే స్టార్ట్ చేసిండ్రా? ఇంజన్ నడుస్తుంటే లైటు ఎలుగుతుందా?"

"అవును. నా కండ్లతోని చూసిన."

"రాసుకోండ్రి సార్" అన్నాను. సీఐ నా మొహం వైపు వింతగా చూశాడు కానీ రాసుకున్నాడు.

శకుంతలమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. తాళం సంగతి మళ్లీ చెప్పమన్నాను. సోమవారం ఆరున్నర నుంచి మంగళవారం ఏడు నలభై దాకా తాళం అమ్మవారి పల్లెంలోనే ఉందనీ, రాత్రంతా పూజగదికి తాళం వేసి ఆ తాళంచెవి కొంగున కట్టుకున్నాననీ, పొద్దున ఆరుముప్పావు నుంచి, కారుకు బొట్లు పెట్టేటప్పుడు కూడా, ఆ పల్లెం తన వెంటే ఉందనీ ఆమె చెప్పింది. సీఐ అదీ రాసుకున్నాడు.

"మొగులయ్య అప్పజెప్పినప్పటి సంది హారతి దాక ఆ ఇంజన్ తిరగనే లేదు" అన్నాను. "లైటు ఎలిగేదే లేదు. మరి ఏడూ ఇరవై ఒకటికి, ఇంజన్ స్టార్ట్ చేస్తే ఎర్రలైటు ఆరదని మీకెట్ల తెలిసింది కార్తికేయా? కారు కింద పండుకుని ఆయిల్ తీసినోనికి తప్ప ఇంకెవ్వరికి తెల్వదు. బోల్టు ఇప్పనీకె తాళం అక్కరలేదు కద. లైటును ఆర్పనీకె మాత్రం ఒక మెకానిక్ కావాల్సి వచ్చింది. తండ్రి మీద పాణం పెట్టుకున్న కొడుకును ఏరుకున్నరు."

అతను సీఐ వైపు, తర్వాత తలుపు వైపు చూశాడు. తలుపులో కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

"ఆయిల్ ఏడ దాసినవ్?" సీఐ గొంతు మారిపోయింది. "మేడ మీదనా? నువ్వు చెప్పినా చెప్పకున్నా మా వాళ్లు ఇప్పుడే పోతున్నరు."

"నాకు లాయరు కావాలె" అన్నాడు కార్తికేయ. అప్పటిదాకా ఉన్న మెత్తదనం ఎక్కడికి పోయిందో పోయింది.

మూడూ ఇరవై అయిదుకు సీఐ స్వయంగా వెళ్లి లాకప్ తాళం తీశాడు. నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. జీపు ఇంజన్ ఆపమని మాత్రం గట్టిగా అరిచాడు. శ్రావణ్‌ను ఈ రాత్రికి ఉంచుకోక తప్పదనీ, సేటు ప్రాణం మీదికి తెచ్చిన చేతుల్లో అతని చెయ్యి కూడా ఒకటనీ పుష్పమ్మతో అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు తగ్గింది.

మొగులయ్య బయటికి వచ్చాడు. ఎదురుగా కొడుకు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేకపోయారు. శ్రావణ్ వంగి తండ్రి కాళ్లు పట్టుకున్నాడు.

"నిన్ను సేటు తిడ్తడని భయపడ్డ నాయినా. నీ మీద మాట రానియ్యద్దనుకున్న."

మొగులయ్య రెండు చేతులూ చాచి వాటి వైపే చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో నల్లటి ఆయిల్ మరక మూడు రోజులైనా పోలేదు.

"ఆయిల్ పోసింది గీ చేతులేరా. దాంట్ల చూసేదేముందని పుల్ల గూడ తియ్యకపోతివి. సెన్సార్ బిగించింది గూడ గీ చేతులే కద?" ఆ చేతులు కొడుకు ముందు పెట్టాడు. "దాన్నెందుకు నమ్మకపోతివి? ఒక్క ఫోన్ కొట్టకపోతివి?"

కానిస్టేబుల్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. మొగులయ్య ఇంటికి పోలేదు. లాకప్ ఎదురుగా గోడకు ఆనుకుని, కొడుకుకు కనబడేటట్టు కూర్చున్నాడు.